బోధన్ చరిత్రలో రాజవంశక్రమం, కాలవిభజన: ప్రాచీన ఈజిప్టు నమూనాతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రాచీన ఈజిప్టు చరిత్రను ముప్పై రాజవంశాలుగా విభజించిన మనేథో పద్ధతి నేటికీ ప్రామాణికంగా వాడుకలో ఉంది. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల చరిత్రను రాసినవారు కూడా తెలిసో తెలియకో అదే పద్ధతిని పాటించారు. అశ్మకులతో మొదలై ఆసఫ్‌జాహీలతో ముగిసే రాజవంశాల పట్టిక ఈ ప్రాంతానికి సంబంధించిన దాదాపు ప్రతి గ్రంథంలోనూ కనిపిస్తుంది. ఈజిప్టు విషయంలో వంశపట్టికకు ఉన్న పరిమితులను పరిశోధకులు గుర్తించి సవరించుకున్నారు. బోధన్ విషయంలో ఆ పని ఇంకా పూర్తిగా జరగలేదు. పురాణాలు, బౌద్ధవాఙ్మయం, నాణేలు, శాసనాలు ఒక్కొక్కటి ఏ మేరకు సాక్ష్యమిస్తున్నాయో విడదీసి చూపడం, ‘ఇంద్రవల్లభుడు’ అనే పేరు చుట్టూ ఏర్పడిన కాలగందరగోళాన్ని పరిష్కరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బోధన్, పోదన, అశ్మకం, మనేథో, వేములవాడ చాళుక్యులు, రాష్ట్రకూటులు, కాలవిభజన.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో ఒక జిల్లా సాహిత్యంపై వెలువడే సిద్ధాంతగ్రంథాల్లో మొదటి అధ్యాయం సాధారణంగా ‘చారిత్రక నేపథ్యం’. అందులో రాజవంశాల వరుస ఉంటుంది. ఆ వరుసను పూర్వపు గ్రంథం నుంచి స్వీకరించి, రెండో అధ్యాయం నుంచి అసలు విషయంలోకి ప్రవేశించడం ఆనవాయితీగా మారింది. నిజామాబాద్ జిల్లా విషయంలో ఆ వరుస ఇలా సాగుతుంది: అశ్మకులు, మౌర్యులు, శాతవాహనులు, బాదామి చాళుక్యులు, రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు. ఒక వంశం దిగిపోగానే మరొక వంశం ఎక్కినట్టు, మధ్యలో ఖాళీ లేనట్టు ఈ పట్టిక చెబుతుంది.

సాహిత్యచరిత్రకు ఇది అప్రధానమైన విషయం కాదు. నన్నయకు పూర్వపు తెలుగు కందపద్యాలకు ప్రసిద్ధమైన ఆధారం జినవల్లభుని కురిక్యాల శాసనం. అది క్రీ.శ. 945 ప్రాంతపుదని పండితులు నిర్ణయించడానికి వేములవాడ చాళుక్య రెండో అరికేసరి కాలమూ, జినవల్లభుని అన్న పంపకవి కాలమూ ఆధారాలయ్యాయి. ఆ వేములవాడ చాళుక్యుల తొలి దశకు, బోధన్ ప్రాంతానికి ఉన్న సంబంధం పై పట్టికలో కనిపించదు. చాలా గ్రంథాల్లో ఆ వంశం పేరే ఉండదు.

2. మనేథో పట్టిక, దాని అనంతర జీవితం

మనేథో క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన ఈజిప్టు పూజారి. టాలమీ రాజుల ఏలుబడిలో గ్రీకు భాషలో ‘ఈజిప్షియాకా’ అనే చరిత్రను రచించాడు. మూలగ్రంథం లభించలేదు. జోసెఫస్, ఆఫ్రికానస్, యూసీబియస్ వంటి తరువాతి రచయితలు ఉద్ధరించిన భాగాలే మిగిలాయి. నేడు ‘పద్దెనిమిదో రాజవంశం’, ‘పంతొమ్మిదో రాజవంశం’ అంటూ వాడుతున్న సంఖ్యలన్నీ ఆయన విభజన నుంచి వచ్చినవే. ‘పాత రాజ్యం’, ‘మధ్య రాజ్యం’, ‘నూతన రాజ్యం’ అనే యుగవిభాగాలు మాత్రం 19వ శతాబ్దిలో, షాంపోలియన్ 1822లో చిత్రలిపిని ఛేదించిన తరువాత, ఐరోపా పండితులు కల్పించినవి. ఆ రాజ్యాల మధ్య ఏకచ్ఛత్రాధిపత్యం లేని కాలాలకు ‘మధ్యంతర యుగాలు’ అని పేరు పెట్టారు. అంటే ఒక ఈజిప్టు రాజు తాను ‘మధ్య రాజ్యం’లో జీవిస్తున్నానని ఎన్నడూ అనుకోలేదు.

ఈ పట్టికలోని లోపాలను ఈజిప్టు పరిశోధకులు మూడు విధాలుగా గుర్తించారు. మొదటిది, సంఖ్య ఉండి పేర్లు లేకపోవడం. ఆఫ్రికానస్ ఉద్ధరణ ప్రకారం ఏడో వంశంలో డెబ్బై మంది రాజులు డెబ్బై రోజులు పాలించారు. దీన్ని చరిత్రగా కాక, అరాచకానికి సంకేతంగానే నేటి పండితులు చూస్తారు. రెండోది, ఉద్దేశపూర్వకమైన విస్మరణ. మొదటి సేతి అబైడోస్ ఆలయంలో చెక్కించిన జాబితాలో డెబ్బై ఆరు పేర్లు ఉన్నాయి. అందులో హత్‌షెప్‌సుత్ లేదు, అఖెనాతెన్ లేడు, తుటంఖామున్ కూడా లేడు. మూడోది, సమకాలిక వంశాలను ఒకదాని తరువాత ఒకటిగా లెక్కించడం. విదేశీయులైన హిక్సోసులు ఉత్తరాన డెల్టాలో పాలిస్తుండగా దక్షిణాన థీబ్స్‌లో స్థానిక రాజులు ఉన్నారు. పట్టికలో మాత్రం పదిహేను తరువాత పదహారు, పదిహేడు వస్తాయి. ఆ కాలాలను కలిపి కూడితే ఈజిప్టు చరిత్ర శతాబ్దాల మేర అనవసరంగా సాగిపోతుంది.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. తెలంగాణ పాఠకునికి ఆ నాగరికతతో ఉన్న ప్రత్యక్ష పరిచయం బహుశా అంతవరకే. అయినా పై మూడు లోపాలలో మొదటిదీ మూడోదీ బోధన్ చరిత్రలో దాదాపు అదే రూపంలో కనిపిస్తాయి. రెండోది కొంచెం వేరే రూపంలో ఉంటుంది.

3. అశ్మకం: సంఖ్య మాత్రమే మిగిలిన వంశం

అంగుత్తరనికాయం పేర్కొన్న పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అస్సక లేదా అశ్మక జనపదం ఒక్కటే. సుత్తనిపాతంలోని పారాయణవగ్గం బావరి అనే బ్రాహ్మణుడు గోదావరీతీరంలో, అస్సక దేశంలో నివసించాడని, తన పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు పంపాడని చెబుతుంది. దీఘనికాయంలోని మహాగోవిందసుత్తం అస్సకుల రాజధానిగా ‘పోతన’ను పేర్కొంటుంది. జాతక కథల్లో అది ‘పోతలి’. మహాభారత ఆదిపర్వంలో కల్మాషపాదుని భార్య మదయంతికి వసిష్ఠుని వల్ల జన్మించిన అశ్మకుడు ‘పౌదన్య’ నగరాన్ని నిర్మించాడని ఉంది. పోతన, పోతలి, పౌదన్య, పోదన, బోధన్ అనే రూపాల మధ్య ధ్వనిసామ్యం స్పష్టమే. గోదావరి తెలంగాణలో ప్రవేశించే కందకుర్తి, అక్కడ మంజీర వచ్చి కలిసే సంగమం, బోధన్‌కు సమీపంలోనే ఉండటం ఈ సమీకరణకు భౌగోళికమైన బలాన్నిస్తుంది.

అయితే ఈ బలం ఎంతవరకు? క్రీ.శ. 8వ శతాబ్ది నాటి పోదన బోధనే అనడానికి శాసనాల తోడ్పాటు ఉంది. క్రీ.పూ. 6వ శతాబ్ది నాటి పోతన కూడా బోధనే అనడానికి సాహిత్యం మీద ఆధారపడక తప్పదు. ఈ రెండింటి మధ్య పన్నెండు, పదమూడు శతాబ్దాల దూరం ఉంది. బాహుబలి రాజధాని ‘పౌదనపురం’ అన్న జైనకథను కూడా ఇక్కడ సాక్ష్యంగా చేర్చడం పరిపాటి. శ్రవణబెళగొళలోని బొప్పణకవి శాసనం (సుమారు క్రీ.శ. 1180) పౌదనపురంలో భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహం గురించి విని చావుండరాయడు గొమ్మటేశ్వరుని చెక్కించాడని చెబుతుంది. కాని ఇది దిగంబర సంప్రదాయం. శ్వేతాంబర గ్రంథాలు బాహుబలి రాజధానిని తక్షశిలగా చెబుతాయి. ఒకే పురాణపురుషునికి రెండు సంప్రదాయాలు రెండు రాజధానులనిచ్చినప్పుడు, అందులో ఒకదాన్ని ఏరుకొని స్థలనిర్ణయానికి వాడటం శాస్త్రీయం కాదు. ఆ కథ బోధన్ జైనస్మృతికి సాక్ష్యం, బోధన్ ప్రాచీనతకు కాదు.

ఇక అశ్మక రాజులు. మత్స్య, వాయు పురాణాల కలియుగ రాజవంశవర్ణనలో మహాపద్మనందునికి ముందు పాలించిన క్షత్రియవంశాల లెక్క ఉంది. పార్గిటర్ 1913లో ఈ భాగాలను పరిష్కరించి ప్రచురించాడు. ఇక్ష్వాకులు 24, పాంచాలురు 27, కాశీరాజులు 24, హైహయులు 28, కళింగులు 32, అశ్మకులు 25, కురువులు 36, ఇలా ఆ లెక్క సాగుతుంది. అశ్మకుల్లో ఇరవై ఐదుగురు ఉన్నారట, పేరు మాత్రం ఒక్కటీ లేదు. మనేథో ఏడో వంశాన్ని గుర్తు తెచ్చే స్థితి ఇది. ఇక్కడ పురాణకర్త ఒక విషయంలో మనేథో కంటే జాగ్రత్తగా ఉన్నాడు. ఈ రాజులందరూ తుల్యకాలీనులని, అంటే ఒకే కాలంలో వేర్వేరు చోట్ల పాలించారని స్పష్టంగా చెప్పాడు. ఆ జాగ్రత్త తరువాతి జిల్లా చరిత్రకారులకు అబ్బలేదు.

అశ్మకుల తరువాత పట్టికలో మౌర్యులు వస్తారు. అశోకుని పదమూడో శిలాశాసనం దక్షిణాది జనాల్లో ఆంధ్రులను, భోజులను, పితినికులను పేర్కొంది, అశ్మకులను పేర్కొనలేదు. జనపదం అప్పటికి పేరు కోల్పోయిందా, మరొక పేరులో కలిసిపోయిందా అన్నది తేల్చడానికి ఆ శాసనం చాలదు. కనుక ‘మౌర్యుల కాలంలో బోధన్’ అనే ఉపశీర్షిక కింద రాయగలిగింది ఒక వాక్యం కంటే మించదు.

4. జాబితాలో లేని రాజులు

పురాణాలు సంఖ్య ఇచ్చి పేర్లు ఇవ్వకపోతే, నాణేలు పేర్లు ఇచ్చి వరుస ఇవ్వలేదు. గోదావరి వెంట బోధన్ నుంచి దిగువకు సాగితే నేటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల వస్తుంది. అక్కడ శాతవాహన సిముకుని నాణేలతో పాటు గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే పాలకుల నాణేలు దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వీటిని వెలుగులోకి తెచ్చి చర్చించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ ఆ స్థలంలో తవ్వకాలు జరిపింది. ఈ రాజుల పేర్లు ఏ పురాణంలోనూ లేవు. అబైడోస్ జాబితా హత్‌షెప్‌సుత్‌ను కావాలని వదిలిపెట్టింది. పురాణకర్తకు గోదావరీతీర పాలకులు తెలియకపోయి ఉండవచ్చు, లేదా చిన్న రాజులని పట్టించుకోకపోయి ఉండవచ్చు. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే: జాబితాలో లేనివాడు చరిత్రలో లేడన్న భావన. కోటిలింగాల నాణేలు ఆ భావనను కొట్టివేశాయి.

శాతవాహనుల విషయంలో కూడా పురాణాల మధ్య పొంతన లేదు. మత్స్యపురాణం ముప్పై మంది రాజులకు 460 ఏళ్లు ఇస్తే, వాయుపురాణం మొత్తం పాలనకు మూడు వందల ఏళ్లే ఇస్తుంది. తరువాత క్రీ.శ. 3 నుంచి 8వ శతాబ్ది వరకు బోధన్ గురించి పట్టిక ఎన్ని వంశాలు పేర్కొన్నా, అవి దక్కను మొత్తానికి వర్తించే పేర్లే. ఈజిప్టు పరిభాషలో చెప్పాలంటే ఇది బోధన్ చరిత్రలో ‘మధ్యంతర యుగం’. దాన్ని అలా ఖాళీగా చూపడమే నిజాయితీ.

5. పోదన: ఒకే ఊరు, ఒకే కాలం, రెండు వంశాలు

స్థలం గురించి స్పష్టంగా మాట్లాడే తొలి శాసనాధారాలు వేములవాడ చాళుక్యులవి. అరికేసరి పేర ఉన్న కొల్లిపర తామ్రశాసనం, రెండో అరికేసరి వేములవాడ శాసనం, మూడో అరికేసరి పర్భణి తామ్రశాసనం (శక 888, అంటే క్రీ.శ. 966), పంపకవి ‘విక్రమార్జున విజయం’ ఈ వంశానికి ముఖ్యమైన ఆధారాలు. వంశంలో తొలి ప్రముఖుడైన వినయాదిత్య యుద్ధమల్లుడు 8వ శతాబ్ది ఉత్తరార్ధంలో సపాదలక్ష దేశాన్ని, అంటే ‘లక్షా పాతికవేల’ దేశాన్ని, పాలించాడు. పోదనలో నూనె నింపిన వాపిలో తన ఏనుగులకు స్నానం చేయించాడని ఈ ఆధారాలు అతన్ని కీర్తిస్తాయి. అతిశయోక్తిని పక్కన పెట్టినా రెండు విషయాలు మిగులుతాయి. యుద్ధమల్లునికి పోదన ముఖ్యస్థానం, అక్కడ గజబలం ఉండేది. తరువాతి తరాల్లో రాజధాని వేములవాడకు మారింది.

ఈ యుద్ధమల్లుడు స్వతంత్రుడు కాడు. అప్పటికి కొద్దికాలం ముందే, క్రీ.శ. 753 ప్రాంతంలో, దంతిదుర్గుడు బాదామి చాళుక్యులను తొలగించి రాష్ట్రకూటాధికారాన్ని స్థాపించాడు. వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకు సామంతులు. పట్టికలో ‘రాష్ట్రకూటులు’ అనే ఒక గడి నింపితే కింద ఉన్న చాళుక్య కుటుంబం కనిపించదు. ‘వేములవాడ చాళుక్యులు’ అని మరొక గడి చేరిస్తే వారు రాష్ట్రకూటుల ముందో వెనుకో వచ్చినట్టు అర్థమవుతుంది. హిక్సోసులు, థీబ్స్ రాజుల విషయంలో మనేథో పట్టిక తెచ్చిపెట్టిన చిక్కును పోలిందే ఇది. కాకపోతే ఈజిప్టులో ఆ రెండు వంశాలు ప్రత్యర్థులు, ఇక్కడివి ప్రభువు, సామంతుడు. మూడో ఇంద్రుని ఉత్తరదండయాత్రలో పాల్గొని ప్రతీహార మహీపాలుని తరిమినవాడు వేములవాడ రెండో నరసింహుడు. అతని కుమారుడు రెండో అరికేసరి రాష్ట్రకూట నాలుగో గోవిందునికి ఎదురుతిరిగి, బద్దెగుణ్ణి సింహాసనం ఎక్కించడంలో పాల్గొన్నాడు. సామంతుడే సార్వభౌముని నిర్ణయించిన సందర్భమది. ఏ గడిలో ఎవరిని రాయాలి? పంపడు క్రీ.శ. 941లో రచన చేసింది ఆ అరికేసరి ఆస్థానంలోనే. సోమదేవసూరి ‘యశస్తిలకచంపువు’ను క్రీ.శ. 959లో గంగాధరలో ముగించిందీ ఆ వంశపు ఆశ్రయంలోనే. సాహిత్యచరిత్రకు సామంతుడు సార్వభౌముని కంటే ముఖ్యుడైన సందర్భాలు ఇవి.

6. ‘ఇంద్రవల్లభుడు’ ఎవరు?

నిజామాబాద్ పట్టణానికి ఇందూరు లేదా ఇంద్రపురి అనే పాత పేరు ఎలా వచ్చిందో చెప్పే వాక్యం ఒకటి జిల్లా పరిచయ గ్రంథాల్లో తరచూ పునరావృతమవుతుంది. క్రీ.శ. 8వ శతాబ్దిలో ఈ ప్రాంతాన్ని ‘ఇంద్రవల్లభ పంత్యవర్ష ఇంద్రసోమ్’ అనే రాష్ట్రకూట రాజు పాలించాడని, అతని పేరు మీద ఊరు వెలిసిందని ఆ వాక్యం సారాంశం. రాష్ట్రకూట వంశావళిలో ఈ పేరుతో రాజు ఎవరూ లేరు.

8వ శతాబ్దిలో ఉన్న ఇంద్రుడు దంతిదుర్గుని తండ్రి. అతడు బాదామి చాళుక్యుల సామంతుడే తప్ప చక్రవర్తి కాడు. క్రీ.శ. 914 నుంచి 929 ప్రాంతం వరకు మాన్యఖేటం రాజధానిగా పాలించిన మూడో ఇంద్రునికి ‘నిత్యవర్ష’ అనే బిరుదు ఉంది. గ్రంథాల్లోని ‘పంత్యవర్ష’ ఈ ‘నిత్యవర్ష’కు లిపిభ్రమ వల్ల ఏర్పడిన రూపమని భావించడానికి అవకాశం బలంగా ఉంది. ఇక బోధన్‌లో లభించిన కల్యాణి చాళుక్య త్రైలోక్యమల్ల సోమేశ్వరుని శాసనం (క్రీ.శ. 1056) ఇంద్రవల్లభుడు పూర్వం కట్టించిన ఇంద్రనారాయణాలయాన్ని, దాని గరుడస్తంభాన్ని పేర్కొంటూ, శిథిలమైన దాన్ని ఉద్ధరించిన వైనాన్ని చెబుతుంది. ‘ఇంద్రసోమ్’లోని ‘సోమ్’ ఈ సోమేశ్వరుని పేరు నుంచే జారిపడి ఉండవచ్చునన్నది ఊహ మాత్రమే. కాని ‘నిత్యవర్ష’ విషయం ఊహ కంటే గట్టిది. శాసనంలోని ఇంద్రవల్లభుణ్ణి మూడో ఇంద్రునిగా గుర్తిస్తే ఆలయనిర్మాణం 10వ శతాబ్ది మొదటి పాదానికి చేరుతుంది. జిల్లా చరిత్రలో చెప్పే తేదీ నూరేళ్లకు పైగా ముందుకు జరుగుతుంది.

దీనితో మరొక విషయమూ తేలుతుంది. బోధన్‌ను ‘మూడో ఇంద్రుని రాజధాని’ అనడం వాడుక. సార్వభౌముని రాజధాని మాన్యఖేటం అయినప్పుడు బోధన్‌ను ప్రాంతీయ కేంద్రంగా, రాజాదరణ పొందిన పట్టణంగా చెప్పడం సముచితం. ఇందూరు పేరుకు ఇంద్రునితో ముడిపెట్టడం స్థానిక సంప్రదాయం. ఇంద్రనారాయణాలయం ఉన్నది ఇందూరులో కాదు, బోధన్‌లో అన్నది గమనార్హం.

7. కాకతీయుల తరువాత

కాకతీయ రుద్రుని అనుమకొండ శాసనం (క్రీ.శ. 1163) గోదావరి వైపు పొలవాస మేడరాజు వంటి ప్రభువుల ఓటమిని వర్ణిస్తుంది. ఈ ప్రాంతం కల్యాణి చాళుక్యుల చేతి నుంచి కాకతీయుల చేతికి ఒక్కరోజులో మారలేదనడానికి అదే సాక్ష్యం. క్రీ.శ. 1323లో ఓరుగల్లు పతనం తరువాత బోధన్‌లో తుగ్లక్ అధికారానికి రాతి ఆధారం దేవల్ మసీదు. పూర్వపు దేవాలయాన్ని మసీదుగా మార్చిన ఆ కట్టడంలో పాత స్తంభాలు అలాగే నిలిచి ఉన్నాయి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలపు శాసనాలూ ఉన్నాయి. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తొలి సంచాలకుడు గులాం యాజ్దానీ వాటిని పరిష్కరించారు. వంశపట్టికలో తుగ్లక్‌లకు తరచూ గడి ఉండదు. కాకతీయుల నుంచి నేరుగా బహమనీలకు దాటుతారు. ఒక దశాబ్దమో, రెండు దశాబ్దాలో నిలిచిన అధికారం పట్టికకు చిన్నది, కట్టడానికి కాదు.

బహమనీ, కుతుబ్‌షాహీ, మొగలు పాలనలకు బోధన్‌లో ప్రత్యేకంగా చెప్పవలసింది తక్కువ. ఆసఫ్‌జాహీ కాలంలో మాత్రం పట్టిక మరోసారి తడబడుతుంది. క్రీ.శ. 1724 నుంచి 1948 వరకు ఒకే గడి. కాని బోధన్ ప్రజాజీవితంలో విభజనరేఖ 1724లోనూ లేదు, 1948లోనూ లేదు. మంజీర మీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ ఆ రేఖ. ఆ నీటితో వరి, చెరకు విస్తరించాయి. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చి ‘క్యాంపు’ అన్న పేరుతో కొత్త ఊళ్లు కట్టుకున్నాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. ఆ చెరకు ఆర్థికవ్యవస్థ 1948 సెప్టెంబరులో సంస్థానం అంతమైనా, 1956లో రాష్ట్రం మారినా కొనసాగింది. 2002లో యాజమాన్యం మారాక బలహీనపడి, 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడటంతో తెగింది. ఈజిప్టులో కూడా పాత రాజ్యపు పతనానికి కారణాలు వెదికినవారు వంశావళి దాటి నైలునది వరదల తగ్గుదలను పరిశీలించారు. మంజీర నీటిలెక్కలు, చెరకు రవాణా, క్యాంపుల వలస చరిత్ర బోధన్‌కు అటువంటి ఆధారాలే.

ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన వాడకు శక్కర్‌నగర్ అని పేరు. పోదన పేరు అశ్మకుని కథతోను, ఇందూరు పేరు ఇంద్రునితోను, నిజామాబాద్ పేరు నిజాంతోను ముడిపడ్డాయి. శక్కర్‌నగర్‌కు ఏ రాజు పేరూ లేదు. దానికి సంబంధించిన రికార్డులు, క్యాంపుల్లోని పాత పట్టాలు, కార్మికుల మౌఖిక కథనాలు సేకరించే పని మాత్రం ఆ తరం ఉండగానే మొదలు కావాలి.